అయిదేసి రౌండ్లు

మార్చి 4

ఆపరేషన్ అయింది. బావమరిది ఇంకా కళ్లు తెరవలేదు. మా ఆవిడ తమ్ముడి మంచం వదిలి రానంది. ఇంటికి నేనొక్కణ్ణే వచ్చాను.

మార్చి 5

జరిగింది జరిగినట్టు రాసుకుంటే బుర్ర కాస్త తేలికపడుతుందేమోనని కూర్చున్నాను.

మొన్న పొద్దున్న పదిన్నరకి కోర్టు మెట్ల దగ్గర ఖైదీని వ్యాన్‌లోంచి దించుతున్నారు. ముందు బావమరిది, వెనక చిన్నమ్మాయి. జనంలోంచి ఒకడు కత్తితో ఖైదీ మీదికి దూకాడు. బావమరిది అడ్డం వెళ్లాడు. చిన్నమ్మాయి పిస్టల్ తీసి కాల్చింది. ఒకటి పేలింది, వాడి భుజాన్ని గీసుకుంటూ పోయింది. రెండోది పేలలేదు. మిగతావాళ్లు పరిగెత్తుకొచ్చి వాణ్ణి పట్టుకునేలోపల బావమరిది తొడలో కత్తి రెండుసార్లు దిగింది.

చిన్నమ్మాయి అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. మా ఎస్కార్ట్ దళంలో అందరికంటే పొట్టిది, అందరికంటే ఆఖరున చేరింది, అందుకని అందరూ అలాగే పిలుస్తారు. నన్ను బాబాయ్ అంటుంది. పిస్టల్ తీసుకునేటప్పుడూ, తిరిగి ఇచ్చేటప్పుడూ "థాంక్స్ బాబాయ్" అని చెప్పే మనిషి ఈ దళంలో ఆ పిల్ల ఒక్కతే. మిగతావాళ్లు కూరగాయల సంచీ పడేసినట్టు కిటికీలో పడేసి పోతారు.

పిస్టల్ ఇప్పుడు నా బల్ల మీద ఉంది, ప్లాస్టిక్ కవర్లో, సీలుతో. ఆయుధాల గది ఇరవై ఆరేళ్లుగా నాది. పెద్దసారు స్వయంగా దిగి వచ్చాడు.

"చూడవయ్యా, దీన్లో లోపం ఉంటే ఉందని రాయి, లేకపోతే లేదని రాయి. పదిహేనో తారీకుకల్లా రిపోర్టు నా బల్ల మీద ఉండాలి."

"పడినవాడు నా బావమరిది సార్. వేరే ఎవరికైనా ఇస్తే బాగుంటుందేమో."

"వేరే ఎవరున్నారు? నేను విప్పితే రెండు ముక్కలు మిగిలిపోతాయి."

లోపం లేదని రాస్తే తప్పు ఆ పిల్ల చేతిదవుతుంది. మణికట్టు వదులుగా ఉంటే పిస్టల్ ఆగిపోతుందని మా దళంలో అందరికీ తెలుసు. పొట్టిది, సన్నటి చేతులు అని అప్పుడే వరండాలో అనుకుంటున్నారు. ఉద్యోగం పోతుంది. తోటివాణ్ణి పొడిపించిందన్న మాట మాత్రం పోదు.

ఇంకో సంగతి. భద్రత కోసమని ఎవరో మహానుభావుడు అక్కడే పిస్టల్ ఖాళీ చేసి కవర్లో పెట్టాడు. ఎలా ఇరుక్కుందో సరిగ్గా చూసినవాళ్లు లేరు. ఇక నేనే కనిపెట్టాలి.

మార్చి 6

పొద్దున్నించి పిస్టల్‌తోనే ఉన్నాను. పైన వెనక్కీ ముందుకీ జరిగే స్లైడ్ తీసి, గొట్టం తీసి, ఒక్కొక్క ముక్కా గుడ్డ మీద పరిచాను. రౌండు చాంబర్‌లోకి ఎక్కే వాలు నున్నగా ఉంది. చాంబర్ శుభ్రంగా ఉంది. ఖాళీ షెల్‌ని పట్టి బయటికి లాగే కొక్కేనికి పదును తగ్గలేదు, దాని కింద మసి లేదు. స్లైడ్‌ని ముందుకు తోసే స్ప్రింగ్‌ని కొత్తదాని పక్కన పెట్టి చూశాను, ఒక్క చుట్టు కూడా కుంగలేదు. నూనె సరిపడా ఉంది. ఉండకేం, వేసింది నేనే కదా.

మ్యాగజైన్ చూశాను. బాగానే ఉంది.

మ్యాగజైన్లో పదమూడు రౌండ్లు పడతాయి. ఒకటి పేలింది, పన్నెండు మిగిలాయి. పన్నెండూ కొలిచాను. ఒక్కదానికీ పొడవులో తేడా లేదు, నొక్కు లేదు. రెండింటికి మాత్రం ముక్కు దగ్గర కొత్త గీతలున్నాయి. గీతలు ఎందుకైనా పడొచ్చు.

మధ్యాహ్నం రేంజ్‌కి తీసుకెళ్లాను. అయిదు నింపాను, కాల్చాను. మళ్లీ అయిదు. మళ్లీ అయిదు. మళ్లీ అయిదు. ఇరవైకి ఇరవై పేలాయి, ఎక్కడా తడబడలేదు. నా చేతిలో ఆగలేదు.

మార్చి 7

మణికట్టు వదులుగా పట్టుకుని అయిదు కాల్చాను. అయిదూ పేలాయి. ఎడమ చేత్తో అయిదు. అవీ పేలాయి. రోగం డాక్టర్ ముందు దాక్కున్నట్టుంది దీని వ్యవహారం.

మార్చి 8

బావమరిది కళ్లు తెరిచాడు. ఆవిడ చెమ్చాతో నీళ్లు పడుతోంది. నన్ను చూసి నవ్వబోయాడు.

"బావా, నేనింకా ఉన్నానా, లేక నువ్వు కూడా వచ్చేశావా?"

"నోర్ముయ్ రా," అంది వాళ్లక్క. వాణ్ణి ఎత్తుకుని పెంచిన మనిషి. నలభై ఏళ్లొచ్చినా ఆవిడకి వాడింకా చంక దిగలేదు.

డాక్టర్ కాలి వేళ్లు నొక్కి చూస్తున్నాడు. రక్తం కిందికి సరిగ్గా వెళ్లడం లేదట, వారం చూడాలట. ఆవిడ నన్ను వరండాలోకి లాక్కొచ్చి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఒక్క తుపాకీ పట్టుకోవడం రాని పిల్లని ఎవరు పెట్టారండీ ఉద్యోగంలో? దాని చేతులు పడిపోను. మీరు చూశారుగా, తుపాకీ బాగానే ఉందా?"

"ఇప్పటిదాకా బాగానే ఉంది."

"మరింకేం. మీ చేతి మీదుగా వచ్చిన వస్తువు బాగుండకేం."

ఏదో ఒకటి అనాలి. డాక్టర్ పిలుస్తున్నాడని చెప్పి లోపలికి వచ్చేశాను. ఆయన పిలవలేదు.

మార్చి 9

చిన్నమ్మాయి ఆయుధాల గది కిటికీ దగ్గరికి వచ్చింది. విచారణ అయ్యేదాకా డ్యూటీ లేదు కాబట్టి యూనిఫాం వేసుకోలేదు. మామూలు బట్టల్లో చూస్తే ఎవరింటి పిల్లో అన్నట్టుంది.

"బాబాయ్, అన్నకెలా ఉంది? ఆసుపత్రికి రావాలంటే భయమేస్తోంది."

"పర్వాలేదమ్మా. మాట్లాడుతున్నాడు."

కాసేపు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. ఆ రోజేం జరిగిందో చెప్పమన్నాను.

"ఒకటి కాల్చాను. మళ్లీ నొక్కితే పేలలేదు. చూస్తే స్లైడ్ సగంలో ఆగిపోయింది. లోపల రెండు కనిపించాయి బాబాయ్. రెండూ నిండువే, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇరుక్కున్నాయి. నేర్పించినట్టే స్లైడ్ లాగాను. మూడుసార్లు లాగాను. ఇంకా గట్టిగా బిగుసుకుపోయింది. మ్యాగజైన్ తీసేసి లాగాలని తర్వాత గుర్తొచ్చింది. అప్పటికే అన్న కింద పడ్డాడు."

"రెండు కనిపించాయా? సరిగ్గా చూశావా?"

"చూశాననే అనుకుంటున్నాను. అందరూ నా చెయ్యే వదులైందంటున్నారు. నిజంగా వదులైందా బాబాయ్? మీకు తెలుస్తుంది కదా."

చూస్తున్నానమ్మా, ఇంకా చూస్తున్నాను అని నీళ్లు నమిలాను.

చెయ్యి వదులైతే ఖాళీ షెల్ పూర్తిగా బయటికి పోలేక స్లైడ్ కంతలో నిలువుగా ఇరుక్కుంటుంది. రెండు నిండు రౌండ్లు ఒకేసారి పైకి రావడం వేరే జబ్బు. ఆ జబ్బు చేతిది కాదు, మ్యాగజైన్‌ది. కానీ ఆ కంగారులో ఆ పిల్ల ఏం చూసిందో ఏమో. భయంలో మనిషికి ఒకటి రెండుగా కనిపిస్తుంది.

మార్చి 10

ఇవాళ పిస్టల్ ముట్టుకోలేదు. నూనె డబ్బాలన్నీ కడిగి ఆరబెట్టాను. బీరువా తాళాలకి కొత్త తాడు కట్టాను. చాలా పనైంది.

మార్చి 11

మ్యాగజైన్ చూశాను, బాగానే ఉంది అని ఆరో తారీకున రాశాను. ఈ డైరీ నేను తప్ప ఇంకెవరూ చూడరు. ఇందులో కూడా దొంగవేషాలెందుకు?

అది ఏడో నంబరు మ్యాగజైన్. ఏడాదిన్నర కింద ఎవడో నిండుగా ఉన్నప్పుడు సిమెంటు మీద పడేశాడు. పై రౌండుని పట్టి ఉంచే రెండు పెదాలు విచ్చుకున్నాయి. మేం వాటిని పెదాలనే అంటాం. అవి కాస్త తెరుచుకుంటే చాలు, రౌండ్లు ఆగాల్సిన చోట ఆగవు. అలాంటిదాన్ని పక్కన పడేయాలి, అంతే. బాగు చేయకూడదని పుస్తకంలో పెద్ద అక్షరాలతో ఉంది.

పక్కన పడేస్తే లెక్కలో ఒకటి తగ్గుతుంది. కొత్తదాని కోసం కాగితం పెట్టాను. "నష్టమునకు కారణము స్పష్టముగా లేదు" అని తిరిగొచ్చింది. స్పష్టంగా రాశాను. "బాధ్యుని సంతకము లేదు" అని మళ్లీ తిరిగొచ్చింది. పడేసినవాడు అప్పటికి బదిలీ అయిపోయాడు. ఎనిమిది నెలలు తిరిగి తిరిగి తల ప్రాణం తోకకొచ్చింది. ఒకరోజు గుడ్డ చుట్టి, పట్టుకారుతో ఆ పెదాలు నేనే దగ్గరికి నొక్కాను. కొత్తదాని పక్కన పెట్టి చూస్తే తేడా నాకే తెలియలేదు. పనివాడితనం అంటే ఇదీ అని మురిసిపోయాను కూడా. అయిదు రౌండ్లు కాల్చి చూసి రాక్‌లో పెట్టాను.

మూడో తారీకు పొద్దున్న చిన్నమ్మాయి మామూలుగా తీసుకెళ్లే మ్యాగజైన్ శుభ్రం చేయడానికి విప్పి ఉంది. ఏడో నంబరు అందించింది నేనే. థాంక్స్ బాబాయ్ అంది.

అయినా ఆరో తారీకున కాల్చిన ఇరవై రౌండ్లూ ఆ మ్యాగజైన్‌తోనే కాల్చాను. ఏడున ఇంకో పది. ముప్పైకి ముప్పై పేలాయి. అది కూడా నిజమే కదా.

మార్చి 12

నింపేటప్పుడు చేతులు అయిదు దగ్గర ఆగిపోయాయి. ఎందుకు ఆగాయా అని చూసుకున్నాను.

మా దగ్గర ప్రాక్టీసుకి మనిషికి అయిదు రౌండ్లు. ఇరవై ఆరేళ్లుగా అయిదు. నేను పరీక్ష చేసినా అయిదే, ఎవరు నేర్చుకున్నా అయిదే. రేంజ్‌లో ఎవరూ పదమూడు నింపగా నేను చూడలేదు. డ్యూటీకి వెళ్లేటప్పుడు మాత్రం పదమూడూ నింపి పంపిస్తాం. నిండు మ్యాగజైన్ ఎలా పని చేస్తుందో మాలో ఎవరమూ చూడకుండానే ఇన్నేళ్లూ గడిపేశాం.

ఇవాళ పదమూడూ నింపాను. ఆఖరి మూడూ నొక్కేసరికి బొటనవేలు ఎర్రబడింది. కొలిచే పరికరం పెట్టాను. ఖాళీగా ఉన్నప్పుడు పెదాల మధ్య సందు సరిగ్గా ఉంది. అయిదున్నప్పుడూ సరిగ్గానే ఉంది. పదమూడుతో స్ప్రింగ్ కింది నుంచి గట్టిగా తోస్తుంటే అర మిల్లీమీటరు తెరుచుకుంది. కుడి పెదవి మొదలు దగ్గర వెంట్రుకంత బీట. పట్టుకారుతో నొక్కిన చోటే.

రేంజ్‌కి వెళ్లాను. ఒకటి పేలింది. స్లైడ్ సగంలో ఆగింది. రెండు నిండు రౌండ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇరుక్కున్నాయి.

స్లైడ్ లాగాను. ఆ పిల్ల చెప్పినట్టే ఇంకా బిగుసుకుంది. నాకంటే గట్టి చేతులు ఈ దళంలో లేవు.

మళ్లీ నింపాను. ఈసారి మూడో దాని దగ్గర ఆగింది. ఇంకోసారి నింపితే పదమూడూ పేలాయి. నాలుగోసారి రెండో దాని దగ్గర ఆగింది.

దొరికింది. వారం రోజులు వెతికినది దొరికాక, అక్కడే ఇసుక బస్తా మీద కూలబడ్డాను.

ఎవరికీ చెప్పలేదు.

మార్చి 13

రిపోర్టు రాద్దామని కూర్చున్నాను. పైన తారీకు వేశాను. రేపు రాస్తాను.

మార్చి 14

కాలు తీసేశారు. మోకాలి పైదాకా.

ఆవిడ ఏడవలేదు. డాక్టర్ ఇచ్చిన కాగితం మడతపెట్టి జాకెట్లో దోపుకుంది. ఇవాళ చెబుదామనుకున్నాను. ఇవాళ ఎలా చెప్పను? మెట్ల దగ్గర కూర్చుని ఉంటే పక్కన కూర్చున్నాను.

"ఆ పిల్ల తప్పు కాదేమోనే," అన్నాను.

తల తిప్పి నన్ను చూసింది. "మరెవరిది?"

నోటిదాకా వచ్చింది. "దైవం," అన్నాను. సిగ్గులేని నోరు.

మార్చి 15

రిపోర్టు ఇచ్చేశాను. "సదరు పిస్టలును మ్యాగజైనుతో సహా ముప్పది రౌండ్లతో పరీక్షించితిని. ముప్పదియు పేలినవి. యంత్రమునందు లోపము కానరాలేదు."

పెద్దసారు చదివి, సంతకం చేసి, సీలు వేయించాడు. "అనుకున్నదే," అన్నాడు.

మార్చి 16

ముప్పై రౌండ్లూ పరీక్షించింది నిజం. ముప్పైకి ముప్పై పేలడం నిజం. అందులో ఒక్క అబద్ధమూ లేదు. పన్నెండో తారీకు గురించి ఎవరూ నన్ను అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి.

ఒక్క అబద్ధమూ లేదు.

మార్చి 17

చిన్నమ్మాయి నిన్ననే సంతకం పెట్టేసిందట. వరండాలో అనుకుంటున్నారు. విచారణ కూడా జరగనివ్వలేదట. తన చేతి పట్టు వదులవడం వల్లే పిస్టల్ ఆగిందనీ, ఉద్యోగం వదిలేస్తున్నాననీ తనే రాసిచ్చింది. బెల్టు, బూట్లు గుమాస్తా దగ్గర పెట్టి వెళ్లిపోయింది. నా కిటికీ వైపు రాలేదు.

ఎందుకంత తొందర? విచారణలో నన్ను పిలిచేవాళ్లు. పిలిస్తే చెప్పేవాణ్ణి కదా.

చెప్పేవాణ్ణేనా? ఏమో.

మార్చి 18

ఆసుపత్రి. ఆవిడ మందుల కోసం కిందికి వెళ్లింది. బావమరిది దుప్పటి కింద లేని కాలి వైపు చూడకుండా మాట్లాడటం నేర్చుకున్నాడు.

"బావా, పిస్టల్‌లో ఏం లేదని రాశావట."

"ముప్పై కాల్చాను రా. ఒక్కటీ ఆగలేదు."

"ఎన్నేసి నింపావు?"

మంచం పక్కనున్న నీళ్ల సీసా మూత బిగించాను.

"అయిదేసేగా? మంచం మీద పనేముంది, అదే ఆలోచిస్తున్నాను. ఆ రోజు పదమూడు ఉన్నాయి. పదమూడు నింపి చూశావా?"

గోడకున్న గడియారం చూశాను. అది కూడా నా మీద కక్షగట్టినట్టు ఆగి ఉంది.

"చూశావన్నమాట," అన్నాడు వాడు. పాతికేళ్లుగా నన్నెరిగిన మనిషి. కోప్పడతాడని చూశాను. కోప్పడితే బాగుండేది. "నీ చేతి పనేనా?" అని మాత్రం అడిగాడు.

అవునన్నాను. ఏడో నంబరు, పట్టుకారు, అర మిల్లీమీటరు, అన్నీ చెప్పాను. వాడు కళ్లు మూసుకుని విన్నాడు.

"నా కాలు పోయింది బావా. నువ్వు చెప్పినా రాదు, చెప్పకపోయినా రాదు. ఆ పిల్ల సంగతి అలా కాదుగా. పొట్టి ప్రాణం, ఆ కత్తివాడి ముందు నిలబడి స్లైడ్ లాగుతూనే ఉంది. పారిపోలేదు. నేను కింది నుంచి చూశాను."

"మీ అక్క..."

"అక్కకి నేను చెప్పను. నువ్వే చెప్పుకో. ముందు ఆ పిల్ల దగ్గరికి వెళ్లు."

ఆవిడ మందులతో వచ్చింది. ఇద్దరూ ఏంటి అలా ఉన్నారు అంది. క్రికెట్ గురించి అన్నాడు వాడు.

మార్చి 19

కొత్త రిపోర్టు పట్టుకుని పొద్దున్నే పెద్దసారు ముందు నిలబడ్డాను. నాలుగు పేజీలు. పట్టుకారు సంగతి మొదటి పేజీలోనే రాశాను. ఆయన రెండు పేజీలు చదివి కళ్లద్దాలు తీశాడు.

"పదిహేనున లోపం లేదన్నావు. పంతొమ్మిదిన ఉందంటున్నావు. ఏది నమ్మమంటావయ్యా?"

"ఇది నమ్మండి సార్. మ్యాగజైన్ తెప్పించండి, మీ ఎదురుగానే పదమూడు నింపి కాల్చి చూపిస్తాను."

"ఇంకెక్కడి మ్యాగజైన్? నువ్వు సీలేసి ఇచ్చిందంతా కేసుతో పాటు కోర్టు గదికి పోయింది. మళ్లీ తెరవాలంటే జడ్జి గారి ఉత్తర్వు కావాలి. అసలు ఎందుకు తెరుస్తారు? ఆ అమ్మాయే తన తప్పని రాసిచ్చిందయ్యా. నేను అడగలేదు, బెదిరించలేదు. తనే వచ్చింది." కాగితాలు మడిచి నా వైపు చూశాడు. కఠినుడేం కాదు. "నీ బాధ అర్థమైంది. పిల్ల మీద జాలితో నీ నెత్తిన వేసుకుంటున్నావు. చూసినవాళ్లు ఎవరైనా అదే అంటారు."

"జాలి కాదు సార్, నిజం."

"సరే. ఇది కూడా ఫైల్లో పెట్టిస్తాను."

గుమాస్తా నా నాలుగు పేజీలకీ రంధ్రాలు చేసి, తాడు కట్టి, అన్నింటికంటే కింద పెట్టాడు.

మార్చి 20

చిన్నమ్మాయి ఉండేది మూడో అంతస్తులో, ఒక గది, వంటకి ఒక మూల. తలుపు తీసి నన్ను చూసి కంగారు పడింది. "అన్నకేమైనా..."

"వాడు బాగున్నాడు. నీతో మాట్లాడాలమ్మా."

ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసి, తను మంచం అంచున కూర్చుంది. చెప్పాను. ఒక్కటీ దాచలేదు. సిమెంటు మీద పడటం, పట్టుకారు, మూడో తారీకు పొద్దున్న నా చేత్తో అందించడం, పన్నెండున నా చేతిలోనే రెండు రౌండ్లు ఇరుక్కోవడం, పదిహేనున నేను రాసిన కాగితం. వినేటప్పుడు కళ్లు దించుకుని, తన కుడి మణికట్టుని ఎడమ చేత్తో పట్టుకుని వింది. తిడుతుందనుకున్నాను. తిట్టాల్సినవన్నీ దారి పొడవునా నేనే తయారు చేసి పెట్టుకున్నాను.

"మీరు చాలా మంచివారు బాబాయ్," అంది.

"అదేంటమ్మా?"

"నా కోసం ఇంత పెద్ద కథ అల్లక్కర్లేదు. ఆ రోజు మీరే అడిగారుగా, సరిగ్గా చూశావా అని. అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. రెండు చూడలేదు. భయంలో అలా అనిపించి ఉంటుంది. చెయ్యి వణకడం మాత్రం గుర్తుంది."

"చూశావమ్మా. రెండూ నిండువే అన్నావు. ఆ రౌండ్ల ముక్కు మీద గీతలు నేను చూశాను. నీ చేతిలో ఏ తప్పూ లేదు."

"పరీక్ష చేసి లోపం లేదని రాసింది మీరే కదా బాబాయ్. తుపాకీ విషయంలో మీ మాట ఎప్పుడూ తప్పలేదు. ఇప్పుడు జాలేసి వచ్చారు."

"ఆ రాసింది తప్పు. ఇప్పుడు చెప్పేది నిజం."

నవ్వింది. చిన్నపిల్లల అబద్ధాలకి పెద్దవాళ్లు నవ్వే నవ్వు. ఇంట్లో అంత కష్టంలో ఉండి ఇంత దూరం వచ్చారు, టీ తాగి వెళ్లండి అంది. రేంజ్‌కి రా, వేరే మ్యాగజైన్ పెదాలు అలాగే చేసి చూపిస్తాను అన్నాను. ఇక జన్మలో పిస్టల్ ముట్టుకోనంది. ప్రమాణం చేస్తానన్నాను. వద్దు బాబాయ్, పెద్దవారు అంది. గంటసేపు గోడతో మాట్లాడినట్టయింది. టీ తాగి వచ్చాను. ఏం చేయను? చేతికిచ్చింది.

మార్చి 21

పొద్దున్న ఆవిడ బట్టలు మార్చుకోవడానికి ఇంటికి వచ్చింది. చెప్పేశాను. నిలబడే చెప్పాను. కూర్చుంటే మళ్లీ నోరు పెగలదని భయం.

పెద్దసారు నమ్మలేదు, ఆ పిల్ల నమ్మలేదు. ఆవిడ మాత్రం మొదటి ముక్కకే నమ్మింది. పట్టుకారు అనగానే తల ఊపింది. ఇంట్లో కుళాయిలు, తాళాలు, కుక్కర్ పిడి, అన్నీ నేను ఎలా బాగు చేస్తానో పాతికేళ్లుగా చూస్తున్న మనిషి.

అరుస్తుందని చూశాను. అరవలేదు. తమ్ముడి కోసం ఉతికి తెచ్చిన లుంగీ మడతపెడుతూనే ఉంది. మడిచింది విప్పి మళ్లీ మడిచింది.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"పన్నెండున."

"కాలు తీయకముందే."

"ఆఁ."

లుంగీ మంచం మీద పెట్టి, పక్కన కూర్చుంది. "పద్నాలుగున నేను ఆ పిల్ల ఇంటికి వెళ్లానండీ. వాడికి మత్తు వదిలేలోగా వెళ్లొచ్చాను. తలుపు దగ్గరే నిలబడి, నోటికొచ్చినవన్నీ అన్నాను. నీ చెయ్యి గట్టిగా ఉంటే నా తమ్ముడికి కాలుండేది, నువ్వు బతికున్నన్నాళ్లూ ఇది గుర్తుపెట్టుకో అన్నాను. అంతస్తులో అందరూ బయటికి వచ్చి చూశారు. అది ఎదురు మాట్లాడలేదు. నాకు నిజంగా రెండు రౌండ్లు కనిపించాయి పిన్నీ అని ఒక్కసారి అంది. అబద్ధాలాడతావా అని చెంప మీద కొట్టాను. అప్పుడు నా కాళ్లు పట్టుకుని, నాదే తప్పు అని ఒప్పుకుంది."

నేను గోడకి ఆనుకున్నాను.

"పన్నెండునే నాకు చెప్పి ఉంటే," అంది ఆవిడ, "నేను వెళ్లేదాన్నా?"

వెళ్లేది కాదు. అదే చెప్పాను.